కథలో నాన్న ఎక్కడ?

బడ్జెట్ వచ్చిన మర్నాడు పేపరు తిరగేస్తే ఏదో ఒక మూల "సవతి తల్లి ప్రేమ" కనబడకపోతే ఒట్టు. మన వూళ్ళో రైలు ఆగకపోతే సవతి తల్లి ప్రేమ. కాలవకి డబ్బు విదల్చకపోతే సవతి తల్లి ప్రేమ. పక్క జిల్లాకి కాలేజీ ఇచ్చి మన జిల్లాకి మొండిచెయ్యి చూపిస్తే మరీ సవతి తల్లి ప్రేమ. ఆ కత్తిరింపులు చేసిన కమిటీలో పదిమందీ మీసాలున్న పెద్దమనుషులే అయినా సరే, తిట్టు మాత్రం ఎక్కడో వంటింట్లో తన మానాన తాను పప్పుకి తాలింపు పెట్టుకుంటున్న ఆడమనిషికి వెళ్ళి తగులుతుంది. "సవతి తండ్రి ప్రేమ" అని ఏ నాయకుడైనా అనగా మీరు విన్నారా? నేను వినలేదు.

ఈ మాట మన నాలుకల మీద ఇంతగా పాతుకుపోవడానికి కారణం కథలే. "అనగనగా ఒక రాజు. ఆ రాజుగారికి బంగారుబొమ్మలాంటి కూతురు. ఇంతలో రాణీగారు పోయారు. రాజుగారు ఇంకో పెళ్ళి చేసుకున్నారు." ఇంతవరకు చెప్పి ఆపండి. తక్కిన కథ నాలుగేళ్ళ పిల్లాడు చెప్పేస్తాడు. వచ్చినావిడ చెడ్డదని వాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఏనుగుకి తొండం వుంటుందన్నట్టే, సవతి తల్లికి విషం వుంటుంది.

ఈ కథ మన దేశానిదే కాబోలు, మన రాజులకే ఇద్దరు ముగ్గురు భార్యలు కాబోలు అనుకునేరు. ఈవిడ తిరగని దేశం లేదు సుమండీ! పాస్‌పోర్టులు లేని రోజుల్లోనే ప్రపంచమంతా చుట్టి వచ్చింది.

మన పిల్లలకి ఇంగ్లీషు పుస్తకాల ద్వారా తెలిసిన సిండ్రెల్లా సంగతే తీసుకోండి. గుమ్మడికాయ బండి కావడం, గాజు చెప్పు జారిపోవడం, ఇదంతా పారిస్‌లో 1697లో షార్ల్ పెరో అనే ఆయన అచ్చు వేయించిన కథ. కాని అంతకు ఎనిమిది వందల ఏళ్ళ ముందే, అంటే తొమ్మిదో శతాబ్దంలోనే, చైనాలో దువాన్ చెంగ్‌షీ అనే ఉద్యోగి ఇదే కథని రాసిపెట్టుకున్నాడు. దక్షిణాది కొండగుహల ప్రాంతం నుంచి వచ్చిన తన ఇంటి పనివాడు చెప్పగా విన్నాడట.

ఆ చైనా పిల్ల పేరు యే షియన్. వాళ్ళ నాన్న ఒక గూడెం పెద్ద. ఆయనకి ఇద్దరు భార్యలు. ఈ పిల్ల తల్లి పోయింది, కొన్నాళ్ళకి తండ్రీ పోయాడు. మిగిలిన భార్య ఈ పిల్లని కట్టెలకీ, లోతు బావుల్లో నీళ్ళకీ తరిమేది. పిల్లకి ఒకరోజు ఎర్రటి రెక్కలూ బంగారు కళ్ళూ వున్న చిన్న చేప దొరికింది. దాన్ని పెంచుకుంది. తన అన్నంలోంచి నాలుగు మెతుకులు దానికి వేసేది. సవతి తల్లి ఆ పిల్ల బట్టలు తను కట్టుకుని, చేపని మోసం చేసి పైకి రప్పించి, చంపి కూర వండుకు తినేసింది. ఎముకలు పెంటకుప్పలో పూడ్చింది. ఆ ఎముకలే పిల్లకి కోరిన కోరికలు తీర్చాయి. పండగనాడు బంగారు చెప్పులు తొడుక్కుని వెళ్ళడం, ఒక చెప్పు జారిపోవడం, అది చేతులు మారి ఒక రాజుగారికి చేరడం, ఆయన ఆ చెప్పు పట్టే పాదం కోసం వెతికించడం, అన్నీ వున్నాయి. చివరికి సవతి తల్లీ ఆవిడ కూతురూ ఎగిరివచ్చిన రాళ్ళు తగిలి పోయారట. చిత్రమేమిటంటే, ఆ గూడెంవాళ్ళు వాళ్ళిద్దరికీ సమాధి కట్టి, పెళ్ళి సంబంధాలు కుదరడానికి అక్కడే మొక్కుకునేవారట!

వియత్నాం వెళ్ళండి. అక్కడ తామ్ అనే పిల్ల, కామ్ అనే సవతి చెల్లెలు. అక్కడా చేపే, అక్కడా ఎముకలే. కొరియాలో కొంగ్‌జ్వీ అనే పిల్లకి సవతి తల్లి చిల్లికుండ ఇచ్చి నీళ్ళు నింపమంటుంది. ఒక కప్ప వచ్చి ఆ చిల్లికి అడ్డంగా కూర్చుంటుంది. రష్యాలో వాసిలీసాకి చచ్చిపోతూ తల్లి ఇచ్చిన చిన్న బొమ్మ తోడు. ఆ బొమ్మకి అన్నం పెడితే పనులన్నీ చేసిపెడుతుంది.

అంతదూరం ఎందుకు, మన అస్సాం కథ తేజీమొలా వుంది. లక్ష్మీనాథ్ బెజ్‌బరువా 1911లో అచ్చు వేయించిన 'బూఢీ ఆయిర్ సాధు' అనే కథల పుస్తకంలో వుందిది. తండ్రి వ్యాపారానికి వెళ్ళగానే సవతి తల్లి పిల్లని, కాలితో తొక్కి వడ్లు దంచే రోకలి కింద వేసి దంచేస్తుంది. పిల్లని పూడ్చినచోట తీగ మొలుస్తుంది. తీగ పీకి పారేస్తే చెట్టవుతుంది. చెట్టు నరికి ఏట్లో వేస్తే తామరపువ్వవుతుంది. ఇంటికి తిరిగి వస్తున్న తండ్రి ఆ పువ్వు కోయబోతే, "నాన్నా, కోయకు, నేను తేజీమొలాని" అంటుంది. ఈ కథ విని ఏడవని అస్సాం పిల్లలుండరంటారు. దీనికి మేనత్త కూతురులాంటి కథ జర్మనీలో గ్రిమ్ సోదరుల పుస్తకంలో వుంది. అక్కడ సవతి తల్లి చంపిన పిల్లవాడు పిట్టయి ఊరంతా తిరిగి జరిగింది పాడతాడు.

ఇన్ని కథలున్నాయంటే లెక్కపెట్టేవాళ్ళు వుండరా? మేరియన్ కాక్స్ అనే ఆవిడ 1893లో లండన్‌లో ఒక పెద్ద పుస్తకం వేసింది. సిండ్రెల్లా తరహా కథలు 345 పోగుచేసింది మహాతల్లి. తరవాత పండితులు ప్రపంచంలోని జానపద కథలన్నిటికీ రైళ్ళకిచ్చినట్టు నంబర్లు ఇచ్చారు. సిండ్రెల్లా కథ నంబరు 510. కథల్లో పదేపదే వచ్చే ముక్కలకి కూడా నంబర్లున్నాయి. "క్రూరురాలైన సవతి తల్లి" నంబరు ఎస్ 31. ఆవిడకి పేరైతే చాలా కథల్లో పెట్టలేదు గాని, నంబరు మాత్రం ఇచ్చారు.

ఇంతకీ ఈ సంగతులన్నీ నాకెందుకు పట్టాయంటే, మా ఇంట్లో నాకు ఈ కథలు చెప్పింది స్వయానా సవతి తల్లే.

మా అమ్మ పోయేటప్పటికి నాకు నాలుగేళ్ళు. ఆరో ఏట పిన్ని వచ్చింది. ఆవిడకి అప్పటికి పంతొమ్మిది. ఊళ్ళో ఆడవాళ్ళందరూ నా తల నిమిరి, "తల్లిలేని పిల్ల" అని నిట్టూర్చి, నా కంచంలో ఏముందో ఒకసారి తొంగిచూసి వెళ్ళేవారు. జడ వేస్తూ పిన్ని కాస్త బిగించి లాగితే నేను "అబ్బా" అనేదాన్ని. అంతే, గోడవతల నుంచి "చ్చొ చ్చొ" అని వినబడేది. తరవాత తమ్ముడు పుట్టాడు. వాడిని చింతబరికె పట్టుకుని పెరడంతా తరిమి కొట్టినా ఎవరూ ఏమీ అనేవారు కాదు. నన్ను మాత్రం కేకలెయ్యాలంటే ముందు వీధి తలుపు మూసేది. నా ఎనిమిదో ఏట నాకు టైఫాయిడ్ వస్తే ఇరవై రోజులు పక్కన కూర్చుంది. "ఎంతైనా లోకభయం వుంటుందిగా" అన్నారు చూడ్డానికి వచ్చినవాళ్ళు.

వేసవిలో పెరట్లో నవారు మంచాలు వేసుకుని పడుకునేవాళ్ళం. పిన్ని కథలు చెబితే చుట్టుపక్కల పిల్లలంతా చేరేవారు. అందులో సవతి తల్లి కథలూ వుండేవి. ఆవిడ వాటిని దాచనూ లేదు, మార్చనూ లేదు. సవతి తల్లి మాటలు కీచుగొంతు పెట్టి మరీ చెప్పేది. ఒకరోజు పెరుగన్నం ముద్దలు చేతుల్లో పెడుతుంటే అడిగేశాను.

"పిన్నీ, సవతి తల్లులు అందరూ ఎందుకలా చెడ్డవాళ్ళు?"

మిగతా పిల్లలు నోళ్ళు తెరిచి చూస్తున్నారు. పిన్ని ముద్ద కలపడం ఆపలేదు.

"ఏమోనే. ఆ పిల్ల అన్నం తినకుండా పొయ్యి పక్కన పడుకుంటోందా? అప్పుడు వాళ్ళ నాన్న ఎక్కడున్నాడో కనుక్కుని చెప్పు. ఆ తరవాత ఆవిడ సంగతి చూద్దాం" అంది.

అదిగో, అప్పణ్ణించీ ఏ కథ చదివినా నా కళ్ళు ముందు నాన్న కోసం వెతుకుతాయి. వెతగ్గా వెతగ్గా దొరికినవాళ్ళని మీ ముందు నిలబెడతాను, చూడండి.

పెరో కథలో నాన్న బతికే వున్నాడు, అదే ఇంట్లోనే వున్నాడు. కాని భార్య గీసిన గీటు దాటడు. చెప్పుకుంటే తననే కసురుతాడని పిల్ల నోరు విప్పదు. గ్రిమ్ సోదరుల సిండ్రెల్లాలో నాన్న ఇంకా ఘనుడు. రాజకుమారుడు చెప్పు పట్టుకొచ్చి, "మీకు ఇంకో కూతురు లేదా?" అని అడిగితే, "లేదండీ, పోయిన భార్యకి పుట్టిన పీనుగులాంటి పిల్ల ఒకతె వుంది గాని, అది మీకు తగదు" అనే అర్థం వచ్చేటట్టు చెబుతాడు. రష్యా నాన్న వర్తకం మీద పరదేశం పోయాడు. అస్సాం నాన్నా అంతే. చైనా నాన్న పోయాడు, వియత్నాం నాన్న పోయాడు. నేపుల్స్‌లో బాసీలే అనే ఆయన రాయగా 1634 - 36 మధ్య అచ్చయిన కథలో నాన్న రెండు పెళ్ళిళ్ళు చేసుకుంటాడు. రెండోది కూతురు పోరగా పోరగా చేసుకున్న పెళ్ళి. తీరా ఆవిడ తన ఆరుగురు కూతుళ్ళని బయటికి తీసేసరికి, ఈయనగారు సొంతకూతుర్ని వంటింటికి వదిలేసి వూరుకుంటాడు. ఇక హాన్సెల్, గ్రెటెల్ కథలో పిల్లల్ని అడవిలో వదిలి రావడానికి నాన్న స్వయంగా వెళతాడు. పిల్లలు రత్నాలు మూటకట్టుకుని తిరిగి వచ్చేసరికి ఆవిడ చచ్చిపోయి వుంటుంది. నాన్న వాళ్ళని కౌగలించుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. కథ కంచికి.

మన ధ్రువుడి సంగతి చూడండి. ఉత్తానపాదుడి తొడ మీద కూర్చోబోతే పిన్నమ్మ సురుచి ఆ పసివాడిని తోసేసింది, నానామాటలూ అంది. ఎన్ని హరికథల్లో విన్నామో, సురుచిని తిట్టుకోని శ్రోత లేదు. కాని ఆ తొడ ఎవరిది? ఆ సింహాసనం ఎవరిది? "రా నాన్నా" అని ఒక్క మాట అంటే అయిపోయేదిగా? రాజుగారు నోరు మెదపలేదు. పిల్లవాడు అడవికి పోయాడు.

ఇంకోరకం సవతి తల్లి వుంది. సవతి కొడుకు మీద మనసుపడి, వాడు కాదంటే నింద వేసే ఆవిడ. మనకి రాజమహేంద్రవరం సారంగధరుడి కథ తెలుసుగదా. భానుమతి గారు చిత్రాంగిగా వేసిన సినిమా 1957లో వచ్చింది. అశోకుడి కొడుకు కుణాలుడి కథా అలాంటిదే. కుణాలుడి కళ్ళు పోయాయి, సారంగధరుడి కాళ్ళూ చేతులూ పోయాయి. గ్రీకుల్లో క్రీస్తుకి పూర్వం 428లోనే యూరిపిడీస్ ఇదే కథని నాటకంగా ఆడించాడు. అక్కడ ఫీడ్రా అనే సవతి తల్లి రాసిపెట్టి పోయిన వుత్తరం చూసి, తండ్రి థీసియస్ విచారణ లేకుండా కొడుకుని శపిస్తాడు. మన రాజరాజనరేంద్రుడూ అంతే, ఏమిటీ ఎలాగా అని అడగలేదు. నన్నయ గారి చేత భారతం మొదలుపెట్టించిన మహానుభావుడికి ఈ కథ అంటగట్టడం అన్యాయమే, దీనికి చరిత్రలో ఆధారం లేదంటారు. కాని కథలో సంగతి కథలో చెప్పుకోవాలిగా. కొడుక్కి చూడబోయిన సంబంధం తను చేసుకున్న ముసలి రాజుగారిని ఎవరూ ఏమీ అనరు. రాజమండ్రిలో సారంగధరుడి పేర మెట్ట వుంది. చిత్రాంగికి మాత్రం తిట్లున్నాయి.

అలాగని ఈ ఆడవాళ్ళందరూ దేవతలని నేననడం లేదు. పిల్లని రోకలి కింద వేసి దంచినావిడని వెనకేసుకు రావడానికి నాకు నోరెలా వస్తుంది? నేననేదల్లా, ఆ ఇంట్లో ఇంకొక పెద్దమనిషి వుండాలిగదా అని.

ఇంకో తమాషా చెబుతాను. 1812లో గ్రిమ్ సోదరులు తమ కథలు మొదటిసారి అచ్చు వేసినప్పుడు, స్నోవైట్‌ని చంపించబోయింది సవతి తల్లి కాదు, కన్నతల్లే! హాన్సెల్, గ్రెటెల్‌ని అడవిలో వదిలెయ్యమన్నదీ కన్నతల్లే. కన్నతల్లి అలా చేసిందంటే చదివేవాళ్ళకి మింగుడుపడదని కాబోలు, 1819 ముద్రణలో స్నోవైట్ తల్లిని చంపేసి సవతి తల్లిని తెచ్చారు. 1840 ముద్రణకి హాన్సెల్ తల్లి కూడా సవతి తల్లి అయిపోయింది. అంటే ఏమైందన్నమాట? కన్నతల్లి చేసిన పాపం కూడా మూటకట్టి ఈవిడ నెత్తిన పెట్టారు. అప్పుడు కూడా నాన్నని మార్చాలని వాళ్ళకి తోచలేదు చూశారా!

బెటల్‌హైమ్ అనే మనస్తత్వ పండితుడు 1976లో రాసిన ఒక పుస్తకంలో దీనికి ఒక కారణం చెప్పాడు. చంటిపిల్లలకి ముద్దుపెట్టుకునే అమ్మా, వీపు మీద వేసే అమ్మా ఒక్కరేనంటే భరించలేరట. అందుకని అమ్మని రెండుగా కోసి, మంచి సగాన్ని చనిపోయిన తల్లిగాను, చెడ్డ సగాన్ని సవతి తల్లిగాను పెట్టుకుంటారట. నిజమే కావచ్చు. పొద్దున్నే బడికి వేళైపోతుంటే, పాలు పొంగిపోతుంటే, ఒక్క సాక్సు కనబడక పిల్లాడు రాగం తీస్తుంటే, ఆ నిమిషంలో మన మొహం అద్దంలో చూసుకుంటే మనకే తెలుస్తుంది, కన్నతల్లిలో సవతి తల్లి ఎంత దగ్గర్లో వుంటుందో!

పండితుల మాట అలా వుంచి, మోటుగా ఆలోచిస్తే అసలు కారణం ఇంకోటి. ఆ రోజుల్లో పురిట్లో పోయే తల్లులు ఎంతమందో! తల్లి పోతే ఇంట్లో చంటిపిల్ల, పొయ్యి మీద ఎసరు, బయట పొలం. మగవాడు ఏడాది తిరక్కుండా పెళ్ళి చేసుకునేవాడు. వచ్చిన పిల్లకి పట్టుమని ఇరవై ఏళ్ళుండవు. ఉన్నది కాస్త గింజలు. అందులో తన పిల్లలకెంత, ముందావిడ పిల్లలకెంత? ఆస్తి ఎవరిది, కట్నం ఎవరికి, సింహాసనం ఎవరికి? కథల్లో కొట్లాటంతా ఇందుకే, గమనించండి. చైనాలోనూ కొరియాలోనూ జర్మనీలోనూ పురుళ్ళు ఒకేలా ప్రాణం మీదికి వచ్చేవి. అందుకే కథలూ ఒకేలా వచ్చాయి. కొన్ని కథలు వర్తకుల వెంట ఓడలెక్కి వచ్చి వుండొచ్చు. కాని వచ్చిన కథ నిలబడాలంటే ఆ ఊళ్ళో తల్లి లేని పిల్ల వుండాలిగా.

1847లో వియన్నా ఆసుపత్రిలో సెమ్మెల్వైస్ అనే డాక్టరు, శవాలు కోసిన చేతులతో పురుళ్ళు పొయ్యడం వల్లే బాలింతలు జ్వరం వచ్చి పోతున్నారని గ్రహించి, తోటి డాక్టర్లని క్లోరిన్ నీళ్ళతో చేతులు కడుక్కోమన్నాడు. కడుక్కున్న నెలల్లోనే చావులు గబగబా తగ్గాయి. మన దేశంలో 2001 - 03లో లక్ష కాన్పులకి 301 మంది తల్లులు పోయేవారు. 2018 - 20 నాటి లెక్కకి అది 97కి దిగింది. ఆంధ్రలో 45, తెలంగాణలో 43. కథల్లో రాజులందరూ కలిసి శిక్షించినదానికంటే, కడుక్కున్న చేతులే సవతి తల్లుల్ని ఎక్కువ తగ్గించి వుంటాయి.

మాటల్లో కూడా ఎంత సంగతి దాగి వుంటుందో చూడండి. మనం సవతి తల్లి అన్నామంటే అమ్మకి సవతి అని. పిల్లకి ఆవిడ ఎవరో ఆ మాట చెప్పదు, అమ్మకి శత్రువని మాత్రం చెబుతుంది. ఇద్దరు భార్యలుండే కాలపు మాట అది. 1955 హిందూ వివాహ చట్టంతో ఆ కాలం చెల్లింది గాని, మాట చెల్లలేదు. ఇంగ్లీషువాళ్ళ "స్టెప్" మెట్టు కాదు, అడుగూ కాదు. వాళ్ళ పాత భాషలో దిక్కులేనితనాన్ని చెప్పే మాట. స్టెప్ మదర్ అంటే తల్లి పోయిన పిల్లకి తల్లి అన్నమాట. మనకీ పాతకాలపు మాట ఒకటుంది, మారుతల్లి అని. ఇవన్నీ వదిలేసి పిల్లలు పిలిచేది మాత్రం పిన్ని అనే. అమ్మ చెల్లెల్ని పిలిచే పిలుపే. ఎంత మంచి పిలుపు! కాకపోతే దానికి తోక కూడా వుంది. తల్లి పోతే తండ్రి పినతండ్రి అవుతాడనేవారు మా పెద్దవాళ్ళు. పిన్ని మొగుడు పినతండ్రేగా మరి. మా పిన్ని నన్నడిగిన ప్రశ్న ఆ సామెతలో ఏనాడో వుంది.

ఇప్పుడు తల్లులు పురిట్లో పోవడం తగ్గినా, విడాకులు పెరిగి, రెండో పెళ్ళిళ్ళూ పెరిగాయి. కిందటేడు మా తమ్ముడి కూతురికి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయికి మొదటి భార్య జబ్బుచేసి పోయింది. ఆరేళ్ళ పాప వుంది. మా పిల్లకి ముప్ఫై రెండు, మంచి ఉద్యోగం. ఇద్దరూ ఒకరికొకరు నచ్చారు. పెద్దవాళ్ళందరం కూర్చున్నాం. ఇక చూడండి, ప్రశ్నలన్నీ మా పిల్లకే. "ఆ పాపని సొంతబిడ్డలా చూడగలవా?" "రేపు నీకు పిల్లలు పుట్టాక తేడా చూపించవుగదా?" "బాగా ఆలోచించుకున్నావా, రేపు నలుగురూ సవతి తల్లి అంటారే!" పెళ్ళిచూపులా, కోర్టు విచారణా అనిపించింది. దాని మొహం పాలిపోయింది. ఆ అబ్బాయి కాఫీ కప్పు చేత్తో పట్టుకుని వింటూ కూర్చున్నాడు.

మా పిన్ని పోయి పదేళ్ళయింది. వుంటే ఆవిడే అడిగి వుండేది. లేదు గనక నేనడిగాను. "బాబూ, పాపకి రాత్రి జ్వరం వస్తే ఎవరు లేస్తారు?"

అబ్బాయి అబద్ధం ఆడలేదు. "మా అమ్మ లేస్తుందండీ" అన్నాడు.

"బళ్ళో మీటింగులకి?"

"అమ్మే వెళుతుందండీ."

గదిలో ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు మా పిల్ల మెల్లిగా, "అయితే ముందు మీరు లేవడం అలవాటు చేసుకోండి. తరవాత ఇద్దరం వంతులు వేసుకుందాం" అంది. వాళ్ళమ్మ దాని చెయ్యి గిల్లింది. సంబంధం పోయిందనే అనుకున్నాం. మూడు నెలలు కబురు లేదు. ఆ తరవాత ఒకరోజు ఆ అబ్బాయే ఫోను చేశాడట, పాప మంచం తన గదిలోకి మార్పించానని, రెండు పళ్ళు వూడితే రెండూ దాచి వుంచానని. మొన్న మాఘమాసంలో పెళ్ళయింది. పాప మా పిల్లని ఏమని పిలవాలో ఇంకా తేల్చుకోలేదు. కంగారేముంది, పిలుస్తుంది.

పిల్లలకి ఈ కథలు చెప్పొద్దని కొందరంటారు. నేనలా అనను. తల్లిలేని పిల్లకి చేప సాయం వచ్చింది, కప్ప సాయం వచ్చింది, చచ్చిపోయిన తల్లి చెట్టయి వచ్చింది అని వింటే పిల్లలకి ఎంత ధైర్యం! ఇన్ని దేశాల తల్లులు వెయ్యేళ్ళుగా చెప్పుకుంటూ వచ్చిన కథల్ని మనం ఆపడమేమిటి? కాకపోతే వాటిలో నాన్నని కూడా కాస్త పనిలో పెట్టమంటాను.

మొన్న మా మనవడికి అలాగే చెప్పాను. "సవతి తల్లి పిల్లకి అన్నం పెట్టకుండా పనికి పంపింది. సాయంత్రం నాన్న ఇంటికి వచ్చాడు. కాళ్ళు కడుక్కున్నాడు. పిల్లని పిలిచి, 'అన్నం తిన్నావా అమ్మా?' అని అడిగాడు..."

వాడు దిగ్గున లేచి కూర్చున్నాడు.

"అలా అడిగేస్తే ఇంక కథేముంది అమ్మమ్మా? అయిపోయిందిగా!"

నిజమే, అయిపోయింది. చేసేదేముంది, ఆ రాత్రి వాడికోసం ఇంకో కథ వెతుక్కోవలసి వచ్చింది.